నిప్పు అడగని ఇంటి స్టవ్వు

పోయిన నెలలో మా చెల్లెలి మనవరాలు నన్ను వెంటబెట్టుకుని రాజమండ్రిలో ఒక దుకాణానికి తీసుకెళ్ళింది. కొండలెక్కేవాళ్ళకూ, అడవిలో డేరా వేసుకుని నాలుగు రోజులు గడిపి వచ్చేవాళ్ళకూ కావలసిన సరుకంతా అక్కడ అమ్ముతారట. నేను చిన్నప్పుడు సర్వే క్యాంపుల్లో పనిచేశానని, డేరాలోనే వండుకు తిన్నానని వాళ్ళ మామ్మ చెప్పిందట; అందుకని అడవికి ఏ స్టవ్వు మంచిదో తాతయ్యని అడిగి కొనుక్కుంటానని ఈ పిల్ల పట్టుబట్టింది. నా సలహా అడిగే మనుషులు ఈమధ్య ఎక్కువమంది లేరు కనుక, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్ళాను.

దుకాణంలో కుర్చీ వేశారు గాని నేను కూర్చోలేదు. గాజుబల్ల మీద ఆరేడు స్టవ్వులు పెట్టారు. ఒకటి గుప్పెట్లో పట్టేస్తుంది, మూడు కాళ్ళు విప్పితే సాలీడులా నిలబడుతుంది, కింద చిన్న గ్యాసు డబ్బా బిగించుకోవాలి. ఒకటి స్పిరిటుతో వెలుగుతుంది. ఒకటి ఎండు పుల్లలు వేసి మండించుకునేది. అమ్మే అతను ఆ పిల్లని ఒక్కొక్కటే అడుగుతున్నాడు: ఎంతమంది వెళ్తున్నారు, ఎన్ని రోజులు, నీళ్ళు కాచుకోవడమేనా అన్నం కూడా వండుకుంటారా, గాలి విసురుగా ఉండే చోటా, బరువు ఎవరు మోస్తారు? అవన్నీ సరైన ప్రశ్నలే. వింటుంటే నాకు లోపల మంట మొదలైంది. నేను ఇరవయ్యొకటో ఏట స్టవ్వు ఎంచుకున్నప్పుడు ఇందులో ఒక్క ప్రశ్న కూడా వేసుకోలేదు.

ఆ పిల్ల చివరికి గ్యాసు డబ్బా బిగించే రకం తీసుకుంది. అది మిగతావాటికంటే గొప్పదేం కాదు. ఎందుకు తీసుకున్నావని అడిగితే, తమతో బయల్దేరుతున్న మిగతా డేరాలవాళ్ళు ఏ రకం డబ్బా వాడుతున్నారో ముందే కనుక్కున్నానని, తనది మధ్యలో అయిపోతే వాళ్ళ దగ్గర తెచ్చుకోవచ్చని చెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమ్మా, గడప దాటకముందే ఇంకొకరి దగ్గర అడుక్కోవడానికి సిద్ధపడి వెళ్తున్నావా?" అని దుకాణం అంతా తిరిగి చూసేలా అరిచాను. ఆ పిల్ల జంకలేదు.

"అడుక్కోవడం ఏంటి తాతయ్యా! మాకు అయిపోతే వాళ్ళిస్తారు, వాళ్ళకి అయిపోతే మేమిస్తాం. అందుకే కదా అందరం ఒకే రకం కొనేది."

నేను బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాను. ఆ పిల్ల మీద నాకు కోపం లేదని అప్పటికే తెలుసు. ఆ కోపం ఎవరి మీదో చెప్పాలంటే యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు పల్లెల్లో తెల్లవారగానే ఆడవాళ్ళు పిడక ముక్క చేత్తో పట్టుకుని నిప్పు కోసం ఇరుగింటికి వెళ్ళేవారు. అగ్గిపుల్ల ఆదా చేసుకునే రోజులు. ఎవరి పొయ్యిలో కణిక మిగిలి ఉంటే వాళ్ళింటికి వెళ్ళి పిడక అంటించుకుని, దాన్ని ఊదుకుంటూ, రెండు కబుర్లు చెప్పుకుంటూ తిరిగి వెళ్ళేవారు. శుక్రవారం మాత్రం ఇచ్చేవారు కాదు, లక్ష్మి వెళ్ళిపోతుందని. మా వీధిలో అందరూ మా వంటింటికే వచ్చేవారు, ఎందుకంటే మా పొయ్యి చల్లారేది కాదు. మా తాతగారి రోజుల్లో రెండు పూటలా పాతిక ముప్ఫై విస్తళ్ళు లేచేవి. మన ఇంట్లోంచి నిప్పు వెళ్తుంది గాని మన ఇంటికి నిప్పు రాదు అని మా నాన్నగారు అనేవారు. తాతగారు అన్నప్పుడు అది నిజం. నాన్నగారు అనే నాటికి దాయాదుల తగువులో పొలాలు పోయాయి, పాలేళ్ళు పోయారు, విస్తళ్ళు మూడుకి దిగాయి. ఆ మాట ఒక్కటే ఇంట్లో మిగిలింది. ఒక ముసురు రోజున మా ఇంట్లో అగ్గిపెట్టె చెమ్మగిల్లి వెలగకపోతే, నాన్నగారు ఎదురింటికి మనిషిని పంపనివ్వలేదు. మధ్యాహ్నం దాకా నేనూ చెల్లెలూ ఉత్త బెల్లం ముక్క నములుతూ కూర్చున్నాం. అది గొప్పతనమని మాకు నేర్పారు. మేం నేర్చుకున్నాం.

మా అమ్మ పుట్టిల్లు నరసాపురం. చిన్న పెంకుటిల్లు. మా మేనమామ భార్య, అంటే మా అత్తయ్య, వీధి అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. ఆ అల్లికలు అమ్ముకుని వాళ్ళు ఇల్లు గడుపుకుంటారని మా నాన్నగారికి చులకన. అమ్మ మాత్రం పోయేముందు మా చెల్లెల్ని తన అన్నయ్య కొడుకుకే ఇవ్వాలని నాన్నగారి చేత మాట తీసుకుంది. ఆ బావ నాకంటే రెండేళ్ళు పెద్ద. నెమ్మదస్తుడు. మా చెల్లెలికి అతనంటే ఇష్టమని ఆమె చెప్పక్కర్లేదు; నరసాపురం నుంచి ఉత్తరం వచ్చిన రోజున పూలజడ వేసుకునేది. అత్తయ్య ఒకసారి జాకెట్టు చేతులకని లేసు అల్లి పంపితే దాన్ని పెట్టె అడుగున దాచుకుని, నెలకోసారి తీసి చూసుకుని మళ్ళీ మడతపెట్టేది. ముహూర్తం పెట్టుకోవడమే తరువాయి.

నాకు ఉద్యోగం చూపించింది కూడా బావే. గోదావరి ఎగువన కొండల్లో దారి కోసం కొలతలు వేస్తున్న సర్వే బృందంలో తను చేరుతూ, నన్నూ తీసుకొమ్మని చెప్పాడు. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా చదువు చూసి పిలిచారని చెప్పుకున్నాను.

బయల్దేరే ముందు రోజున నాన్నగారు అటక మీద నుంచి ఇత్తడి పంపు స్టవ్వు దింపించారు. తాతగారు పట్టిసీమ తీర్థానికి పడవలో వెళ్ళినప్పుడు ఇసుకతిన్నె మీద వంటకి పనికొస్తుందని కొన్నదట. పొట్ట మీద ఆయన పేరు పొడి అక్షరాలు చెక్కి ఉంటాయి. చింతపండు పెట్టి తోమిస్తే బంగారంలా మెరిసింది. అమ్ముకోకుండా మిగిలిన వస్తువుల్లో అది ఒకటి. అది నా చేతికిస్తూ నాన్నగారు మన ఇంటి వంట మన నిప్పు మీదే జరగాలన్నారు. నాకు ఒక రాజ్యం అప్పగించినట్టే అనిపించింది.

రాజమండ్రి రేవులో లాంచీ ఎక్కబోతుంటే సర్వేయరు గారు మోత తగ్గించమన్నారు. డేరాకి ఇద్దరు మనుషులు, ఒకే స్టవ్వు, ఒకే కిరసనాయిలు డబ్బా. బావా నేనూ ఒక డేరా. అతని దగ్గర రేకుతో చేసిన వత్తుల స్టవ్వు ఉంది. అంతకు ముందు ఆ కొండలకి వెళ్ళి వచ్చినవాళ్ళని నలుగురినీ కనుక్కుని కొన్నాడు. పంపు స్టవ్వుకి ముందు స్పిరిటు పోసి వేడిచేయాలి, తోలు వాషరు ఎండిపోతే గాలి నిలవదు, సన్నటి రంధ్రంలో నలక పడితే దాన్ని పొడవడానికి వెంట్రుకంత తీగ ఉన్న పిన్ను కావాలి, అది విరిగితే ఇక ఆ స్టవ్వు బరువుకి తప్ప దేనికీ పనికిరాదు, వత్తుల స్టవ్వుకైతే చిరిగిన పంచె ముక్క పేని దూర్చినా మండుతుంది అని రేవులో నిలబడి ఓపిగ్గా చెప్పాడు. ప్రతి మాటా నిజం. నేనేమన్నానో ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

"మసి స్టవ్వు మీద వండింది మా ఇంట్లో ఎవరూ తినరు బావా."

అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. కాబోయే బావమరిదితో రేవులో పోట్లాట ఎందుకనుకున్నాడేమో, నవ్వేశాడు. "సరే బావా, మీ ఇత్తడే పెట్టు" అని, తన స్టవ్వుని నరసాపురం వెళ్ళే మనిషికిచ్చి వెనక్కి పంపేశాడు.

మొదటి పది రోజులూ నా స్టవ్వు బాగానే పనిచేసింది. హోరుమని నీలంగా మండుతుంటే చుట్టుపక్కల డేరాలవాళ్ళు వచ్చి చూసేవారు. మా పక్క డేరాలో కొలత గొలుసులు లాగే పనివాళ్ళు ఇద్దరు ఉండేవారు. వాళ్ళది మసిబారిన వత్తుల స్టవ్వు. వాళ్ళు నాది జమీందారు స్టవ్వని పేరు పెట్టారు. వాళ్ళు వేళాకోళానికే అన్నారు. నేను దాన్ని మర్యాద అనుకున్నాను. వాళ్ళతో మాట కలపలేదు.

తర్వాత ముసురు పట్టింది. కొలతలు ఆగిపోయాయి. అందరం డేరాల్లోనే. మూడో రోజు పొద్దున్న బావకి చలిజ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి. గంజి కాద్దామని స్టవ్వు వెలిగించబోతే మంట రాలేదు. రంధ్రంలో నలక. పిన్నుతో పొడిచాను. కంగారులో గట్టిగా నొక్కానేమో, తీగ విరిగి రంధ్రంలోనే ఉండిపోయింది. చెంబు, గిన్నె, తాతగారి అక్షరాలు, అన్నీ ఉన్నాయి. మంట లేదు.

పక్క డేరా పది అడుగుల దూరం. వాళ్ళ అన్నం ఉడుకుతున్న వాసన మాకు తగులుతూనే ఉంది. ఒక్కసారి గుడ్డ ఎత్తి, మా బావకి జ్వరం, కాస్త గంజి కాచుకుంటాం అంటే చాలు. కాదనేవాళ్ళు కూడా కాదు. నేను అనలేదు. సూది పెట్టి చూశాను, చీపురు పుల్ల పెట్టి చూశాను, ఆ రంధ్రమున్న జెట్టు విప్పడానికి పట్టకారు లేక పళ్ళతో కొరికాను. మధ్యాహ్నమైంది. చన్నీళ్ళలో అటుకులు నానబెట్టి బావ నోటికి అందిస్తే రెండు ముద్దలు తిని కక్కేశాడు.

"పక్క డేరాలో అడుగు బావా. వేడిగా ఏదైనా ఇస్తారు" అన్నాడు నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో.

"అడుగుతాను" అని బయటికి వెళ్ళాను. వానలో నిలబడ్డాను. పది అడుగులు. నేను ఆ పది అడుగులూ వెయ్యలేదని ఎవరికైనా చెప్పుకోవడం ఇదే మొదటిసారి. జమీందారు స్టవ్వు ఆరిపోయిందని వాళ్ళు నవ్వుతారనిపించింది. నాన్నగారి మొహం కనిపించింది. లోపలికి వచ్చి, వాళ్ళు డేరాలో లేరని, సర్వేయరు గారి దగ్గరికి వెళ్ళినట్టున్నారని బావతో చెప్పాను. ఆ మాట నా నోట్లో ఉండగానే పక్క డేరాలోంచి వాళ్ళిద్దరి నవ్వులూ వినిపించాయి. గుడ్డ గోడలు కదా. బావ కూడా విన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు.

పొద్దు వాలే వేళకి ఆ పనివాళ్ళలో పెద్దవాడు మా డేరా గుడ్డ ఎత్తాడు. ఎందుకు వచ్చాడనుకున్నారు? ఉప్పు అడగడానికి.

"అయ్యా, మా కాడ ఉప్పు నిండుకుందండి. కూసింత ఉప్పెట్టండి" అంటూనే బావని చూశాడు. వంగి నుదుటి మీద చెయ్యి వేశాడు. "ఇదేంటండి బాబూ, ఒళ్ళు కాలిపోతంది! పొద్దుట్నించీ ఏం పెట్టారండీ ఈయనకి?"

"అటుకులు" అన్నాను.

"అటుకులా! పదడుగుల్లో మేం పొయ్యెట్టుకుని కూకుంటే, ఈయనకి సన్నీళ్ళల్లో అటుకులాండీ? మీ ఇత్తడి సల్లారిపోయిందని మాకెలా తెలుత్తాదండీ, సెప్పకపోతే? నోరు లేదాండి మీకు?"

నా సమాధానం కోసం అతను ఆగలేదు. వెళ్ళి మండుతున్న స్టవ్వునే రెండు చేతులతో ఎత్తుకొచ్చి మా డేరా మధ్యలో పెట్టాడు. గంజి కాచాడు. మిరియాలు నూరాడు. బావని లేపి కూర్చోబెట్టి తన భుజానికి ఆనించుకుని తాగించాడు. వెళ్ళేటప్పుడు, మొహమాటం ఏమీ లేకుండా, ఉప్పు పట్టుకెళ్ళాడు. రెండు రోజుల తర్వాత వాన తెరిపిస్తే, వాళ్ళిద్దరే బావని డోలీలో మోసుకెళ్ళి లాంచీ ఎక్కించారు.

బావ కోలుకోవడానికి నెల పట్టింది. కోలుకోగానే మా ఇంటికి వచ్చాడు. చెల్లెలు అప్పుడు ఇంట్లో లేదు, కుట్టుపని నేర్చుకోవడానికి వెళ్ళింది. బావ నాన్నగారి ఎదురుగా నిలబడే, చేతులు కట్టుకుని, డేరాలో జరిగింది చెప్పి ఆఖరికి అన్నాడు.

"పిల్ల బంగారమండీ మావయ్యగారూ. తనని అనడానికేం లేదు. కాని నాకు జ్వరమొస్తే పక్కింటికెళ్ళి నిప్పు అడిగే ఇల్లు కావాలండి. మీరు పిల్లని ఇవ్వడంతో ఊరుకోరు, ఆ పద్ధతి కూడా దాని వెంట పంపిస్తారు. నాకు భయమేస్తందండి."

అది తప్పని నేనిప్పుడు కూడా అనగలను. మా చెల్లెలు అలాంటిది కాదు, ఆమె అయితే ఆ పది అడుగులూ పరిగెత్తేది. ఆ సంగతి ఆ రోజు బావకి చెప్పవలసింది నేను. ఆమెని కాదనకు, తప్పు నాది అని ఒక్క ముక్క అనవలసింది. అది కూడా అడగడమే కనుక, నా నోరు పెగల్లేదు. బావ వెళ్ళిపోయాక నాన్నగారు నా భుజం మీద చెయ్యి వేసి, "అడగలేదన్నమాట. మన ఇంటి పిల్లాడివనిపించావురా" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నా ఛాతీ పొంగింది. ఇన్నేళ్ళుగా నాకు నిద్రపట్టనివ్వని కోపం బావ మీదా కాదు, స్టవ్వు మీదా కాదు. ఆ చెయ్యి మీద, దాని కింద పొంగిన ఈ ఛాతీ మీద.

సాయంత్రం చెల్లెలు వచ్చింది. నాన్నగారు ఆమెని పిలిచి, పొలాలు పోయాయని తెలిసి నరసాపురం వాళ్ళు వెనక్కి తగ్గారని, ఆస్తి చూసుకుని వచ్చిన మనుషులు అలాగే ఉంటారని చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. ఆమె నా వైపు చూసింది, అవునా అన్నట్టు. నేను తల ఊపాను. ఆ రాత్రి కాదు, మర్నాడు పట్టపగలు, వసారాలో కూర్చుని అత్తయ్య అల్లిన లేసుని పోగు పోగుగా విప్పేసింది. విప్పిన దారాన్ని ఉండ చుట్టి ఎవరికో ఇచ్చేసింది.

తర్వాత ఆమెకి ఉప్పాడ వైపు మంచి సంబంధమే కుదిరింది. మా మరిది నిజంగా పెద్దమనిషి. పిల్లలు వృద్ధిలోకి వచ్చారు. ఆమె జీవితం పాడైందని నేను చెప్పబోవడం లేదు, అలా చెబితే ఆమెకే కోపం వస్తుంది. కాని నరసాపురం మాట వస్తే చాలు, పొలం గట్లు లెక్కపెట్టుకుని పిల్లని ప్రేమించే మనుషులని అనేది. పెళ్ళిళ్ళలో బావ ఎదురుపడితే లేచి వెళ్ళిపోయేది. బావ అందరి ముందూ తల దించుకునేవాడు గాని నా గుట్టు ఒక్కసారి కూడా బయటపెట్టలేదు. మూడేళ్ళ కిందట అతను పోయాడు. కబురు వస్తే మా చెల్లెలు, డబ్బున్న చోటే పోయి ఉంటాడులే అని టీవీ గొంతు పెంచింది. నేను అప్పుడు కూడా పక్కనే ఉన్నాను.

స్టవ్వు కొన్న రోజు ఆ పిల్ల నన్ను ఆటోలో వాళ్ళింటికే తీసుకెళ్ళింది. దుకాణంలో తాతయ్య ఎందుకు అరిచారో మామ్మకి చెప్పి నవ్వింది. మా చెల్లెలు కూడా నవ్వి, "మా ఇంటి మగాళ్ళంతే, ప్రాణం పోతున్నా మంచినీళ్ళు అడగరు" అంది. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. ఆ పిల్లని లోపలికి పంపి, డేరా సంగతి, పది అడుగుల సంగతి, బావ నాన్నగారితో అన్న మాట, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆమె చిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది. చెబుతున్నంతసేపూ తీస్తూనే ఉంది. నేను ఆపాక చేట పక్కకి పెట్టింది.

"ఆయన్ని నా చేత యాభై ఏళ్ళు తిట్టించావు అన్నయ్యా" అంది. గొంతు కూడా పెంచలేదు. "పోయినవాడికి నేనిప్పుడు ఏం చెప్పుకోను?"

లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అప్పట్నుంచి నా ఫోను ఎత్తడం లేదు. ఎత్తాలని అనడానికి నాకు మొహం లేదు.

ఇప్పుడు మర తిప్పితే పొయ్యి వెలుగుతుంది. పిడక చేత్తో పట్టుకుని ఎవరూ ఎవరి వాకిట్లోకీ రానక్కర్లేదు. నేనుండే అపార్ట్‌మెంటులో ఎదుటి తలుపు వెనక ఎవరున్నారో నాకు తెలియదు, నేనున్నానని వాళ్ళకీ తెలియకపోవచ్చు. మా నాన్నగారు కోరుకున్నది ఇదే, ఎవరి గడపా తొక్కనక్కర్లేని బతుకు, అది ఇవాళ అందరికీ దొరికింది. నా ఈడువాళ్ళు కొందరు పాత రోజుల పరువు గురించి రాస్తుంటే చదివి పత్రిక విసిరి కొడుతున్నాను. ఆ పరువు ఖరీదు ఏ ఇంట్లో ఎవరు కట్టారో ఒక్కరూ రాయరు.

మా చెల్లెలు ఈ పత్రిక చదువుతుంది. వాళ్ళ గుమ్మం మా ఇంటికి నాలుగు వీధుల దూరం. నెల రోజులుగా సాయంత్రంపూట ఆ వీధి మొదటిదాకా వెళ్ళి, క్షమించమని అడగడానికి నోరు రాక, తిరిగి వచ్చేస్తున్నాను. అందుకే రాశాను.